మారిన టాపిక్

మంగళవారం, శంకర్ నగర్

ఈరోజు క్రిమినాలజీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అయింది. జైలు నుంచి విడుదలైన ఆడవాళ్ళను ఇంట్లోకి ఎందుకు రానివ్వరన్నది నా టాపిక్. గైడ్ సార్ నెమ్మదిగానే చెప్పారు. "దీనికి ఫెలోషిప్ రాదు బేటా. సైబర్ నేరాల మీద చేస్తానంటే ప్రాజెక్టు డబ్బుంది."

ఏళ్ళ తరబడి అప్లై చేసి అలసిపోయాను. సరే అన్నాను, సీటిచ్చారు.

నైట్ డ్యూటీకి ఆసుపత్రికి బయల్దేరుతూ అమ్మ, "ఏ టాపిక్ అయితే ఏంటే, అడ్మిషన్ దొరికింది కదా. ప్రభువు దయ" అంది. ఆమె సంతోషం చూస్తూ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టాను.

ఇందాక ఫూల్‌బాయి ఫోన్ చేసింది. జైలు నుంచి వచ్చాక ఇంటివాళ్ళు రానివ్వకపోతే, పండరీ బజార్లో తను పనిచేసే బట్టల కొట్టులోనే పడుకుంటోంది.

"దీదీ, నా సంగతి రాసుకుంటానన్నావుగా. ఆదివారం పనికి రానని ఛుట్టీ అడిగాను, వస్తావా?"

వస్తానన్నాను. టాపిక్ మారిందని చెప్పడానికి నోరు రాలేదు.