రాణి ముట్టని నీళ్ళు

1992 జనవరి, ఆదివారం రాత్రి. బొంతపల్లి అవతలి అడవి.

పెళ్ళిళ్ళ సీజను అయిపోయింది. ఏటా వచ్చినట్టే అన్న, నేను ఊరేగింపు గుర్రాలు రెండింటినీ మేతకు తోలుకొచ్చి వాగు పక్కన గుడారం వేశాం. పొద్దుటి నుంచీ నడిచిన మా ఆడగుర్రం రాణి వాగులో మూతి పెట్టి వెంటనే తల తిప్పేసుకుంది. నీళ్ళ మీద పసుపు నురగ. బోరింగు నీళ్ళు మోసుకొచ్చి తాపాం. ఈ నీళ్ళు తాపొద్దని గొర్లకాపరులకు కూడా చెప్పాను.

ఆ మాట పాకి, సాయంత్రానికల్లా ఎగువ నుంచి వాగులోకి మురుగు వదిలే కంపెనీ సూపర్‌వైజరు స్కూటర్ మీద దిగాడు.

"నీళ్ళు మంచిగనే ఉన్నయి. లేనిపోని పుకార్లు పుట్టియ్యకుండ్రి."

నేను చెంబు ముంచి అతని ముందు పట్టాను. "గట్లయితే మీరు తాగుండ్రి సార్."

అతను చెంబు వైపు చూసి, అన్న వైపు తిరిగాడు. "నీ చెల్లెకు నోరెక్కువైంది. రేపు డ్యూటీకి రా, మాట్లాడుత."

ఏటా ఈ మేత రోజుల్లో అన్న ఆ కంపెనీలోనే రోజుకూలీ. రేపు గేటు దగ్గరే ఆపేస్తే... ఆ భయం ఉంది. చెంబు పట్టినందుకు మాత్రం రవ్వంత కూడా బాధ లేదు.

అన్నం తింటూ చెప్పాను. "పొద్దున ఈ నీళ్ళు సీసాల పట్టుకొని సంగారెడ్డి కలెక్టరాఫీసుకు పోత."

అన్న చెయ్యి కడుక్కున్నాడు. లేచి, రెండు సీసాలు కడిగి తెచ్చాడు.

"ఒక్కటి సాలదు," అన్నాడు. "నేను గూడ వస్త."