మంత్రగత్తెను తయారుచేయడం నా పని, నీది కాదు

గంగాధర్ అన్నకు, పుణే నుంచి రజిత రాస్తున్నది.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. వదిన, పింకీ బాగున్నారని తలుస్తాను. నీ క్షేమం ఈసారి అడగడం లేదు. మన మేనత్త లక్ష్మవ్వ ఎలా ఉందని అడుగుతున్నాను. దానికి జవాబు నువ్వే చెప్పాలి. ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తున్నావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. వదినా, నువ్వు చదివి వినిపించు. ఆయన లేచి పోతే వెనకాలే పోయి చదువు.

ఇక్కడ వాన పట్టుకుంటే వదలడం లేదు. ఉతికిన బట్టలు ఆరక గదంతా ముక్కిన వాసన. పొద్దున అటుకులు, మధ్యాహ్నం రొట్టె. పచ్చిపులుసు అన్నం మీదికి ప్రాణం గుంజుతోంది. బోధన్ అంగడిలో విని నేర్చుకున్న మరాఠీ ఇక్కడ కూరగాయల బండి దగ్గర పనికొస్తోంది. ఆదివారం మాత్రం ఎవరితోనూ ఒక్క మాట లేకుండా గడిచిపోతుంది. అయినా బాగానే ఉన్నాను వదినా, రంది పెట్టుకోకు.

నా ఉద్యోగం గురించి అన్న ఊరంతా చెప్పుకుంటున్నాడట, "మా చెల్లె పుణేల మంత్రాలు రాస్తది" అని. ఎన్నిసార్లు చెప్పాలి? ఇది బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని పాచికలు వేస్తూ ఆడే ఆట. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్లు అందులో వీరులవుతారు. వాళ్లకు ఎదురుపడే రాక్షసులను, మంత్రగాళ్లను, మంత్రగత్తెలను తయారుచేసేది నేను. అంతా ఉత్తదే. కానీ ఉత్తదానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది.

మంత్రగత్తెను చేయాలంటే ముందు ఆమెకు ఏం కావాలో తేల్చుకోవాలి. ఆ కోరికకు తగ్గ మంత్రాలు ఏవో మూడు నాలుగు ఇస్తాం. వీరులు మీద పడ్డాక ఆమె ఎక్కువసేపు బతకదు, ఇంకా ఇచ్చినా వృథా. ప్రతి మంత్రానికి ఆమె ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. దాన్ని ఆపే దారి ఉండాలి, ఆ దారి ఆడేవాళ్లకు ముందే ఎక్కడో కనబడాలి. లోకంలోని కీడంతా ఒక్కదాని నెత్తిన పెట్టి తీసుకుపోతే మా పెద్దసారు ఆ కాగితం నా మొహాన కొడతాడు.

నువ్వు చేసింది అదే. పసుపు దుంప కుళ్లితే అత్త చేసిందన్నావు. బర్రె పాలివ్వకపోతే అత్త. పింకీకి జ్వరమొస్తే అత్త. చేనులో నీళ్లు నిలిచాయి, కాలువ తియ్యమని వదిన నెత్తి నోరు కొట్టుకుంటే నువ్వు కదిలావా? పింకీని ఎత్తుకుని తిప్పిన మనిషికి పింకీ జ్వరంతో ఏం పని? అదే మాట నిన్న ఫోన్‌లో అత్తతో అంటే నవ్వింది. "గా మంత్రాలే వస్తే ముందుగాల నా మోకాళ్ల నొప్పి పోగొట్టుకుందును గద బిడ్డా" అంది. నవ్వుతూనే ఏడ్చింది.

ఇక ఆ బొమ్మ సంగతి. పింకీ ఆడుకుంటుందని నేను పంపిన ఆట పెట్టెలో ఒక ముసలి మంత్రగత్తె బొమ్మ ఉంది. తెల్లజుట్టు, చేతికర్ర, నడుముకు మూట. నువ్వు దాని ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టి, "సూడుండ్రి, మా చెల్లె గూడ గామె బొమ్మనే ఏసి పంపింది" అన్నావు. నీ బుద్ధి గడ్డి తిన్నదా? ఆ బొమ్మ గీసినవాడు కలకత్తాలో ఉంటాడు. మన కోటగిరి ఏ దిక్కున ఉందో కూడా వానికి తెలియదు. తెల్లజుట్టు, కర్ర మన ఊళ్లో ఏ ముసలమ్మకు లేవు? ఆ రోజు నుంచి అత్తను బోరింగు దగ్గరికి రానివ్వడం లేదని, ఆమె చేతి నీళ్లు ఎవరూ తాగడం లేదని వదినే చెప్పింది.

అంతవరకైతే తిట్టి ఊరుకునేదాన్ని. మొన్న ఆఫీసులో కొత్త మంత్రగత్తెను ఓడించే దారి గురించి మాట్లాడుకుంటున్నాం. నోరు కట్టేస్తే మంత్రం ఆగిపోవాలి అన్నాను. అందరికీ నచ్చింది. భోజనానికి లేచి ఫోన్ చూస్తే నువ్వు గొంతు రికార్డు చేసి పంపిన మెసేజ్. "అమాస నాడు మంత్రగాడు వస్తుండు చెల్లె. గామె నోట్ల ముందటి పండ్లు పీకితె ఇగ మంత్రం పారదంట. పానానికేం కాదు."

పళ్లెం ముట్టకుండా వెనక్కి తిరిగాను. పోయి ఆ నియమం కొట్టేయించాను. ఎందుకని అడిగితే మా ఊరి సంగతి చెప్పలేక తలనొప్పి అన్నాను. నీ వల్ల నాకు ఇక్కడ తలెత్తుకోవడానికి లేదు.

మనల్ని కన్న అవ్వ పోయాక మనిద్దరినీ సాకింది అత్త. నీ పాలపన్ను ఊడి రక్తం చూసి ఏడిస్తే, నోరు కడిగి, ఆ పన్ను ఆవుపేడలో పెట్టి ఇంటి మీదికి విసిరి, మంచి పళ్లు వస్తాయని నిన్ను ఊరడించింది ఎవరు? ఆమె అన్నట్టే మంచి పళ్లు వచ్చాయి. ఇవాళ ఆ పళ్లున్న నోటితోనే ఆమె పళ్లు పీకమని చెబుతున్నావు.

సెలవు పెట్టాను. అమాసకు ముందు రోజు పొద్దున నిజామాబాద్‌లో రైలు దిగుతాను. బోధన్ ఠాణాలో నీ గొంతు వినిపించి, పోలీసులను వెంటబెట్టుకునే ఊళ్లోకి వస్తాను. అన్నవని చూడను. ఆలోపు ఆ ఫోటో తీసెయ్. వదినా, అటక మీద నా పాత గొడుగు ఉంటే తీసి పెట్టు. పింకీకి ముద్దులు. పెద్దలకు దండాలు చెప్పే ఈ చోట, ఈసారి అత్త కాళ్లకు మాత్రమే మొక్కుతున్నాను.

మీ ఇంటికి రాను. అత్త అరుగు మీద కూర్చుని, ఊరంతా చూస్తుండగా ఆమె చేతి అన్నం తింటాను. ముగ్గురికి వండమని చెప్పాను. "మూడోది ఎవలికి బిడ్డా?" అని అడిగింది. అన్నకు అన్నాను. గిన్నెలు కదిపిన చప్పుడు వినబడింది. తర్వాత అంది, "వానికి పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఎక్కువుండాలె."

ఇట్లు,
రజిత

("నీ చెల్లె" అని ఆ పళ్లెం ముందు నువ్వు కూర్చున్నాక రాస్తాను.)