హుసేన్‌బీ పేరుతో వచ్చిన మనిషి

1957 జనవరి 8, మంగళవారం

ఎదురింట్లో మస్తాన్ దూది ఏకుతున్నాడు. బడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాను, కునుకు పట్టింది. కళ్ళు తెరిస్తే చీర నిండా దూది. దులుపుకోవాలనిపించలేదు. వీధిలో గాలి కూడా తెల్లగా, మెల్లగా కదులుతోంది...

హుసేన్‌బీ ఈ అరుగు మీదే నిద్రపోయేది, నా ఒళ్ళో తల పెట్టుకుని. మస్తాన్‌ను చేసుకుని రంగూన్ పోయేదాకా.

జనవరి 10

"హుసేన్‌బీ మజ్జిగ తెచ్చింది" అని రాయబోయి ఆగాను. అమీనా అని రాస్తాను. ఈ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఆ పేరు పలకకూడదు.

నా హుసేన్‌బీ రంగూన్‌లోనే పోయింది, రెండేళ్ళ జైనబ్‌ను వదిలి. పిల్లను చూసుకోవడానికి మస్తాన్ అక్కడి మనిషినే, మన మాట నేర్చిన ఈ అమీనాను, నిఖా చేసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు అమీనాకు కాగితాలు పుట్టలేదు. హుసేన్‌బీ పాసుపోర్టు మీద ఓడెక్కించాడు. ఘోషా మనిషని చెప్పి తీయించిన పాసుపోర్టు కాబట్టి అందులో ఫోటో లేదు. వీధంతటికీ తెలుసు. ఎవరూ నోరు మెదపరు.

ఎవరైనా "హుసేన్‌బీ!" అని కేకేస్తే ముందు నా గుండె పలుకుతుంది, తర్వాత అమీనా పలుకుతుంది. ఈమె వచ్చి రెండేళ్ళయినా అంతే. ఒక్కోరోజు ఒళ్ళు మండుతుంది — ఈమెకు ఇంకో పేరే దొరకలేదా అని. దొరకలేదు. అది కూడా తెలుసు.

జనవరి 13, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు మాట్లాడుతుంటే కల. పెన్న ఇసుకలో నా హుసేన్‌బీ, నేనూ చెలమ తవ్వుతున్నాం. నీళ్ళు ఊరుతున్నాయి. తను తలెత్తడం లేదు, జడ ఒక్కటే కనిపిస్తోంది. పక్కావిడ మోచేత్తో పొడిచింది. ఇంకాసేపు పొడవకుండా ఉంటే ఏం పోయిందట?

జనవరి 17

మధ్యాహ్నం అమీనా పళ్ళెం తెచ్చింది, పైన తెల్లగుడ్డ కప్పి. ఓళిగలు.

"ఏంటి విశేషం?"

"ఆమెకు ఫాతెహా చదివించినాం అక్కా. ఈ పొద్దే ఆమె పోయిన దినం. ఆమెకు ఇవి శానా ఇష్టమంట గదా."

పోయిన ఏడు ఇంట్లోనే చడీచప్పుడు లేకుండా చేశారు. ఈసారి వీధంతా పంచిందట.

"ఎవరికని చెప్పి ఇచ్చినావు?"

"హుసేన్‌బీకి అని. ఇంకేమని చెప్పేది? ఆమెకింత తిండి పెట్టకుండా ఆమె పేరు నేనెట్ల మోసేది?"

తల పట్టుకున్నాను. ఊరందరికీ హుసేన్‌బీ అయిన మనిషి, చచ్చిపోయిన హుసేన్‌బీకి ఫాతెహా చదివించి, తన చేత్తోనే ఇంటింటికీ పంచింది! నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో నా స్నేహితురాలి కోసం నేను ఒక్క పూట పొయ్యి వెలిగించలేదు.

ఓళిగ తిన్నాను. ఏలక్కాయ ఎక్కువైంది. బాగుంది.

జనవరి 19

వీధి చివర కొత్తగా బాడుగకు దిగిన కానిస్టేబులు ఇంటికీ పళ్ళెం పోయిందట. ఆయన భార్య అడిగిందట — "యా హుసేన్‌బీ?" అని.

జనవరి 22

ప్రొద్దుటూరు నుంచి ఇన్‌స్పెక్టరు. నేరుగా బడికే వచ్చాడు.

"టీచరమ్మా, మీరూ ఆమే ఒక్క బళ్ళోనే చదివినారంట. ఆ హుసేన్‌బీ ఈమేనా?"

"ఆలోచించుకుని చెబుతాను" అన్నాను. ఎంత తెలివితక్కువ మాట! ప్రాణ స్నేహితురాలిని గుర్తుపట్టడానికి ఆలోచన ఎందుకు? ఆయన నవ్వాడు. మంచివాడిలాగే ఉన్నాడు, అదే కష్టంగా ఉంది.

"తొందరేం ల్యా. సోమవారం కడపలో విచారణ. ఆడ బైబిలు మీద చెయ్యిపెట్టి చెప్పండి."

నేను కాదంటే ఆమెను తిరిగి ఓడెక్కిస్తారు. అవునంటే ఉంటుంది. ఇంతే సంగతి.

జనవరి 24

హుసేన్‌బీ అన్న దస్తగిరి పులివెందుల నుంచి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"నా చెల్లెలు సచ్చిపోయిందని సర్కారు కాడ యాడన్నా ఉండాదామ్మా? ల్యా. మనిషేమో రంగూన్లో మట్టిలో, పేరేమో ఈడ నీళ్ళు మోస్తాండాది. మేమెప్పుడు ఏడ్సల్ల?"

"మరి జైనబ్?"

"నేను సాక్కుంటా."

అప్పుడే జైనబ్ వీధిలోకి వచ్చింది, అమీనా కొంగు నోట్లో పెట్టుకుని. చెంపలకు రంగూన్ చెక్క అరగదీసి పూసిన పసుపుపచ్చటి పూత. ఆయన చూశాడు. తల తిప్పుకున్నాడు.

"పంపించేయమని నోటితో అంటాండా గానీ..." కాఫీ కూడా తాగకుండా బస్సుకు పోయాడు.

ఆయన అన్నది న్యాయమే. అందుకే కోపంగా ఉంది.

జనవరి 25

దొంగ కాగితం దొంగదే. ఇట్లా వచ్చినవాళ్ళందరినీ ఉండనిస్తే, నిజం చెప్పి రేవులోనే ఆగిపోయినవాళ్ళు ఏమైపోవాలి? పొద్దుటి నుంచి నల్లబల్ల మీద లెక్క వేసి, చేయడం మరిచి, కిటికీలోంచి చూస్తున్నాను.

జనవరి 26

జెండా ఎగరేశాం. పిల్లలకు మిఠాయి. జైనబ్ సగం కొరికి సగం గుప్పిట్లో దాచింది. "మాయమ్మకు" అంది. ఏ అమ్మకని అడగాల్సిన అవసరం లేదు.

జనవరి 27, ఆదివారం, సాయంత్రం

రేపు చేయి పెట్టాల్సిన పుస్తకాన్ని ఈ రోజు తెరవలేదు. పిరికితనమే.

దీపాలు పెట్టే వేళకు అమీనా వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడపలోనే నిలబడింది. ఉంచమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"అక్కా, రేపు ఆ దొరల ముందర నిన్ను ఏమని పిల్సల్ల? ఆమె నిన్నేమని పిలుస్తాండె? మస్తాన్‌ను అడిగితే నాకు తెల్దన్న్యాడు."

ఎట్లా తెలుస్తుంది? మేమిద్దరమే ఉన్నప్పుడు పిలిచేది. ఆ పిలుపు మా అమ్మకు కూడా తెలియదు. తను పోయాక ఎవరూ పిలవలేదు. ఈ పుస్తకంలోనైనా ఎన్నడూ రాయలేదు.

చెప్పేస్తే రేపు కడపలో, అంతమంది ముందు, ఈమె నోట వినాలి. వింటే పలుకుతాను, నాకు తెలుసు. ఆ తర్వాత నా హుసేన్‌బీకి చెందినదంటూ ఏదీ మిగలదు. చెప్పకపోతే ఈమె "టీచరమ్మా" అంటుంది, స్నేహితురాలు కాదని దొరలకు తెలిసిపోతుంది, అక్కడితో అయిపోతుంది.

"అక్కా?"

"కూర్చో" అన్నాను.

కూర్చుంది. ఇది రాస్తున్నంతసేపూ నా ఎదురుగానే ఉంది, నా నోటి వైపే చూస్తూ. బస్సు పొద్దున్నే. ఇంకా చెప్పలేదు.