నాన్న పెట్టిన బుగ్గచుక్క

పర్చూరు,
మార్చి 2001

అక్కకు,

నీ తమ్ముడు వీరబాబు నమస్కారాలు. ఇక్కడ నాన్న, నేను, కొత్తగా మనింటికి వచ్చిన నీ మరదలు అఖిల కులాసా. ఖరగ్‌పూర్‌లో నువ్వు, బావ, పొత్తిళ్లలో పాప కూడా చల్లగా ఉన్నారని తలుస్తాను.

ఫొటోలు చూసినా తనివి తీరలేదని రాశావు. పెళ్లిరోజు పొద్దున తలకు నూనె ఎవరు పెట్టారు, ఏమన్నా తిన్నావా, కళ్లెందుకు అంత ఎర్రగా ఉన్నాయి అని అడిగావు. అమ్మ పోయాక నాకు తలంటింది నువ్వే. పురిటి మంచం మీద ఉండి రాలేకపోయావు గనక అన్నీ వివరంగా రాస్తున్నాను.

ముహూర్తం గోధూళి వేళ కావడంతో పొద్దునంతా తీరికే అనుకున్నాం. మంగలి చెంచయ్య గడ్డం గీసి గోళ్లు తీశాడు. వెంకటరావమ్మ అత్త పీట మీద కూర్చోబెట్టి, మాడుకు నూనె అంటి, ఒంటికి నలుగు పెట్టడం మొదలుపెట్టింది. సగం పెట్టిందో లేదో మబ్బు కమ్మింది. మన మిరపకాయలన్నీ కళ్లంలో ఆరబోసి ఉన్నాయి. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. ఆయన వెనకే నేను.

"ఒరేయ్, నలుగుతో ఎక్కడికిరా!" అని అత్త అరుస్తూనే ఉంది.

కాయలు కుప్పచేసి పట్టాలు కప్పేసరికి, నాలుగు చినుకులు రాలి మబ్బు తేలిపోయింది. పంట దక్కింది గానీ నా అరచేతులు భగ్గున మండాయి. పక్కింటి సర్దార్‌బీ పిన్ని నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏందిరా ఈ అవతారం? ఆ చేతుల్తోనా పిల్ల మెళ్లో తాళి కట్టేది?"

వెన్న తెచ్చి తనే పట్టించింది. చేతులతో తినలేనని పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది. కాబట్టి తిన్నాను, బెంగపడకు.

తర్వాత స్నానం చేయించారు. కొత్త పంచె కట్టారు, కాళ్లకు పారాణి పెట్టారు, తిలకం దిద్దారు. బుగ్గచుక్క ఒక్కటీ మిగిలింది. మనింట్లో అది తోడబుట్టిన ఆడపడుచు పెట్టాలి కదా.

"పోనీలేరా, ఈ పూటకి నేను పెడతా" అని అత్త కాటుక అందుకుంది.

నేను మొహం తిప్పుకున్నాను. ఎవరు పెట్టినా చుక్కే, అది నాకూ తెలుసు. కానీ మనసొప్పలేదు. బయట వ్యాను హారన్ కొడుతోంది.

అప్పుడు నాన్న లోపలికొచ్చాడు. "ఇటియ్యమ్మా" అని కాటుక భరిణె తీసుకున్నాడు. నా గడ్డం పట్టుకుని, చంటిపిల్లాడికి పెట్టినట్టు పెట్టాడు.

"మీ అక్క పెట్టిందనుకోరా" అన్నాడు.

పాపం, ఆయన చేతులకు వెన్న రాయడం ఎవరికీ తోచలేదు. ఆ కారం వేలితో పెట్టిన చుక్క, తాళి కట్టేదాకా చురచురలాడుతూనే ఉంది.

ఇక కళ్ల సంగతి. మిరపఘాటు అని అందరికీ చెప్పాను. ఫొటో తీసినాయనకూ అదే చెప్పాను. నీకు మాత్రం అబద్ధం రాయలేను. అది ఘాటు కాదక్కా. చుక్క పెట్టించుకున్నాక పెరట్లోకెళ్లి, గడ్డివామి చాటున నిలబడి నీకోసం ఏడ్చాను. నాన్న వెతుక్కుంటూ వచ్చి చూశాడు. భుజం మీది తువ్వాలు నా చేతికిచ్చి, "కానీ, తొందర లేదు. వ్యాను నేను ఆపుతాలే" అన్నాడు. నిజంగానే ఆపాడు. ఇదంతా చదివి నువ్వు బాధపడకు. ఏడ్చాక నా గుండె తేలికైంది, నవ్వుతూనే వ్యాను ఎక్కాను.

అఖిలకు ఈ సంగతంతా చెప్పాను. "ముందు నన్ను మీ అక్కయ్య దగ్గరికి తీసుకెళ్లండి, తర్వాతే ఎక్కడికైనా" అంది. ఉగాది వెళ్లాక కాయలు అమ్మి వస్తాం. రైలంటేనే జంకే నాన్న కూడా బయల్దేరుతానంటున్నాడు. ఇప్పుడు నా పక్కనే కూర్చుని, "పాపకి ఎవరి పోలికొచ్చిందో రాయమని అడుగు" అన్నాడు. నేను రాయబోతుంటే మళ్లీ ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దులేరా. మనమే పోయి చూద్దాం."

ఇట్లు,
నీ పెళ్లికొడుకు తమ్ముడు,
వీరబాబు