అమ్మకి ఆ రోజు గుర్తు లేదు

నాన్నా,

వచ్చే వారమే నీ సంవత్సరీకం. ఈ రోజు అమ్మని డాక్టరుకి చూపించాను. మతిమరుపు ముదరలేదు సరికదా, చాలావరకు తగ్గిందట. "బహుత్ అచ్ఛా, మాతాజీ!" అని మెచ్చుకున్నాడు.

అమ్మ పేర్లు మరిచిపోవడం మొదలయ్యాక, ఎక్కడ తప్పిపోతుందోనని నువ్వు ఆమెని గడప దాటనివ్వలేదు. వంట కూడా నువ్వే చేశావు. నువ్వు పోయాక, నేను డ్యూటీకి వెళ్తే ఇంట్లో ఒక్కతే ఉండలేక, పక్కింటి సావిత్రత్తతో గుఢియారీ బజారుకి నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు బేరమాడి కూరలు తెస్తోంది, తనే వండుతోంది. బీపీ మాత్ర వేళకి వేసుకుంటోంది. సాయంత్రాలు కాలనీ ఆడవాళ్లతో కొత్త భజనలు నేర్చుకుంటోంది. నువ్వు చూడాల్సింది.

ఆసుపత్రి నుంచి ఆటోలో వస్తుంటే హఠాత్తుగా అడిగింది.

"మీ నాన్నని తీసుకెళ్లిపోతుంటే నేనేటి చేసినానే?"

"వచ్చినోళ్లకి టీ పెట్టినావమ్మా."

"ఏడవలేదా?"

"లేదు. అప్పుడు నీకు ఏదీ మనసుకెక్కలేదు."

ఇంటికి రాగానే నీ చొక్కాలున్న బీరువా తెరిచి, దాని ముందు కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

నేను ఆపలేదు నాన్నా. పక్కన కూర్చున్నాను.