కాన్పుల వార్డుకి తాళం

అమ్మా, నాకేం ఫర్వాలేదు, బెంగపడకు. కానీ చెల్లిని పురిటికి నా దగ్గరికి పంపొద్దు. నేను నర్సుగా చేస్తున్న మునిసిపల్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసెయ్యాలని పోయిన వారం కౌన్సిల్ తీర్మానించింది. ఆ గదులు వాళ్ల మీటింగులకు కావాలట. "పెద్దాసుపత్రి గంట దూరమేగా?" అన్నాడు ఛైర్మన్. అందరూ సరేనని చేతులెత్తారు.

నిన్న పొద్దున ఇస్త్రీ చేసే ఆవిడ కూతురు నొప్పులతో వచ్చింది. వార్డుకి అప్పటికే తాళం వేసేశారు, తాళం చెవి కౌన్సిల్ ఆఫీసులో ఉంది. మెట్ల మీదే పురుడు పోశాను. తల్లి దక్కింది. బిడ్డ ఏడవలేదు. ఆక్సిజన్ తలుపు అవతలే ఉందమ్మా. చెల్లి బిడ్డకని కుట్టిన పొత్తిగుడ్డల్లోనే చుట్టి వాళ్ల చేతికిచ్చాను.

ఈ కార్డు చెల్లి కంటపడనివ్వకు. అక్కడి ఆసుపత్రిలోనే ఈ వారం పేరు రాయించు. నాన్న మోకాలి వాపు తగ్గిందా? చెల్లిని నా బదులు ఒక్కసారి దగ్గరికి తీసుకో.

నీ పెద్దది