నువ్వు తోలుకొచ్చిన ఊరు

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. మనిద్దరి వాదన నిన్న తేలిపోయింది, అది చెబుదామనే రాస్తున్నాను.

పాత ఊళ్లు ఎక్కడ వెలిశాయో గణితంతో చెప్పొచ్చని నేనంటే, "నీ లెక్క అడిగి ఊరు పుడ్తాదేమ్మా?" అని నవ్వేవాడివి. నా లెక్క చిన్నదే. పెద్ద ఊరు చుట్టుపక్కల జనాన్ని తన సంతకు లాగుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. ఆ ప్రకారం పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ, రెంటి లాగుడూ సరిగా అందని ఎర్రదిబ్బ దగ్గర, ఒకప్పుడు ఇంకో సంత ఊరు ఉండి తీరాలి.

వెళ్లి చూస్తే దిబ్బ మీద గుంతలు తప్ప ఏమీ లేవు. పాత కుండపెంకులన్నీ రెండు మైళ్ల ఇవతల మన చేలో ఉన్నాయి! లెక్క తప్పిందని దిగాలుగా గట్టున కూర్చుంటే, పక్కచేను గంగప్ప మామ సంగతి విని పడీపడీ నవ్వాడు.

"మీ చేలో ఊరు యాడిదమ్మా! మీ నాయన ఎండాకాలమొస్తే సాలు, ఆ దిబ్బ కాడి పాటిమన్ను ఎరువుకని బండ్లతో తోల్తాండె. మన్నుతో పాటు పెంకులు రావా?"

పాటిమన్నంటే పాత ఊళ్లు పాడుబడిన చోటి మన్ను. చిన్నప్పుడు బండిలో ఆ మన్ను మీదెక్కి కూర్చుని వచ్చింది నేనే కదా! అది ఎక్కడిదని ఎన్నడూ అడగలేదు. నా మ్యాపులో కొట్టేసిన చుక్కను మళ్లీ ఎర్రదిబ్బ మీదే పెట్టాను.

ఈసారి మన శెనక్కాయలు విరగపండాయి. అమ్మ ఉడకేసి నీ పటం ముందు పెట్టింది. వాదనలో నేనే గెలిచాను నాయనా. కానీ నేను వెతికిన ఊరిని నువ్వెప్పుడో బండికెత్తి ఇంటికి తెచ్చేశావు.